చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఒంటికి రక్తం పట్టాలంటే ఆడవాళ్లు ఏం తినాలి?

మీరు రాసిన పరిస్థితి నాకు బాగా తెలిసినది కనుక కొంచెం వివరంగా సమాధానం రాస్తున్నాను. పాలకొల్లు దగ్గరి పల్లెలో ఉంటూ రొయ్యల షెడ్డులో పనికి వెళుతున్నాననీ, నలుగురున్న ఇంట్లో బియ్యం కాక మిగిలిన తిండి సరుకులకు నెలకు మూడు వేలకు మించి పెట్టలేననీ, రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చిందనీ, దానిమ్మ, ఖర్జూరం, బీట్‌రూట్, ప్రొటీన్ పొడి వాడమని అందరూ చెబుతుంటే వాటికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తెలియడం లేదనీ మీరు రాశారు. నేను రాజోలు వైపు గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో ఉంటాను. ఇంట్లోనే బట్టలు కుడతాను, మావారు ఆటో నడుపుతారు. మా రెండో అమ్మాయి బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది నాకు కూడా దాదాపు అదే అంకె వచ్చింది. ఇప్పుడది 12 దాటి నిలకడగా ఉంది. ఆ మధ్యకాలంలో నాకు అర్థమైన విషయం ఒక్కటే. ధవళేశ్వరం ఆనకట్ట కింద ఉన్న మన ఊళ్లలో అన్నానికి కరువు లేదు. కంచంలో అన్నం పక్కన ఉండవలసినవి తక్కువ, ఆ కాస్తలో ఆడవాళ్ల వాటా మరీ తక్కువ. మార్చుకోవలసింది అక్కడే, దానికి పెద్దగా డబ్బు అక్కరలేదు.

అయితే తిండి కన్నా ముందు మాత్రల సంగతి చెప్పాలి. గర్భం లేని స్త్రీకి 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మంది ఈ గీత కింద ఉన్నారు కాబట్టి ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పురుషుడికి 19 చాలు. రోజువారీ అవసరమే అంత ఉన్నప్పుడు, 9కి పడిపోయిన రక్తాన్ని తిండితోనే పైకి తేవాలంటే చాలా కాలం పడుతుంది. అందువల్ల ఆశా కార్యకర్తనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడిగి, వారు ఉచితంగా ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆసిడ్ మాత్రలను వారు చెప్పిన మోతాదులో వాడండి. పాలతోను, టీతోను వేసుకోకుండా నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి భోజనం అయ్యాక వేసుకోవచ్చు. మలం నల్లగా రావడం మాత్ర వల్లనే, భయపడి మానేయవద్దు. అంకె బాగుపడిన తరువాత కూడా ఒంట్లో ఇనుము నిల్వ నిండడానికి మరో మూడు నెలలపాటు కొనసాగించమని నాకు డాక్టరు గారు చెప్పారు, అలాగే చేశాను.

ఇక అందరూ చెప్పే పండ్ల విషయం. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాని 100 గ్రాముల్లో ఇనుము ఒక్క మిల్లీగ్రాముకు కూడా చేరదు, దానిమ్మలో అంతకన్నా తక్కువ. అవి చెడ్డవి కావు, తినగలిగితే మంచిదే, కాని రక్తం కోసమని అప్పుచేసి కొనవలసినవి మాత్రం కావు. ప్రొటీన్ పొడి డబ్బా ఒక్కటి కొనే డబ్బుతో ఇంటిల్లిపాదికీ చాలా రోజులకు సరిపడా గుడ్లు, పప్పులు వస్తాయి.

మాంసకృత్తుల లెక్కను ఒకసారి మీరే వేసి చూడండి. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మూడు పూటలూ అన్నమే తిన్నా, 300 గ్రాముల బియ్యంలో 24 గ్రాములకు మించి రావు. మజ్జిగతోనో, పచ్చడితోనో, పలచని చారుతోనో ముగించే భోజనంలో మిగిలిన సగం ఎప్పటికీ పూడదు. అదే 50 గ్రాముల కందిపప్పో పెసరపప్పో వండుకుంటే 11 గ్రాములు, ఒక కోడిగుడ్డుతో 6 గ్రాములు, గుప్పెడు వేరుశనగ గుళ్లతో మరో 7 గ్రాములు కలుస్తాయి. కోళ్ల ఫారాలకు పేరుపడ్డ తణుకు, అనపర్తి మనకు దగ్గరే కాబట్టి గుడ్డుకు మించిన చవకైన బలం మన ప్రాంతంలో మరొకటి లేదని నా అభిప్రాయం. పప్పుల విషయంలో నేను చేసేదేమిటంటే, వరి కోతలయ్యాక చేలల్లో వేసిన మినుములు, పెసలు ఇంటికి వచ్చే రోజుల్లో రైతుల దగ్గరే పొట్టుతో సహా కొని, బాగా ఎండబెట్టి, డబ్బాల్లో ఎండు వేపాకు వేసి దాచుకోవడం. దుకాణంలో నెలనెలా కొనే దాని కన్నా ఇది చవకగా పడుతుంది. పెసలను మొలకెత్తించినా, మినుముల పిండిని పులియబెట్టినా వాటిలోని ఇనుము ఒంటికి మరింత తేలికగా అందుతుంది కాబట్టి మన పెసరట్టూ ఇడ్లీ కూడా మంచి తిండే. పెసలను నానబెట్టి వెంటనే రుబ్బకుండా మొలక వచ్చేదాకా ఉంచి రుబ్బుకుంటే ఇంకా మేలు.

మీరు చేపలు తినేవారే అనుకుంటున్నాను. పండుగొప్పకూ కొరమీనుకూ ధర పెట్టనక్కరలేదు. పరిగెలు, నెత్తళ్లు వంటి చిన్న చేపలను తలతో, ముల్లుతో సహా నమిలి తినగలం కనుక వాటి నుంచి మాంసకృత్తులతో పాటు కాల్షియం, ఇనుము, బి12 కూడా వస్తాయి. బజారు ముగిసే వేళకు వెళితే వీటిని కుప్పలెక్కన తక్కువకే ఇస్తారు. చింతచిగురు దొరికే రోజుల్లో దానితో కలిపి వండితే పులుపు వల్ల లాభం కూడా ఉంటుంది. పచ్చివి దొరకని రోజుల్లో గోంగూరలోనో వంకాయలోనో గుప్పెడు రొయ్యపొట్టు వేసుకోవచ్చు. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి రెండు మూడుసార్లు కడిగి, కూరలో వేరే ఉప్పు తగ్గించాలి. ఇంట్లో రక్తపోటు ఉన్నవారుంటే వీటిని అరుదుగా వండడమే మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట చెబుతాను. మన ఇళ్లలో చేపల పులుసు పెట్టినప్పుడు ముక్కలు మగవాళ్ల కంచాల్లోకీ పిల్లల కంచాల్లోకీ వెళతాయి, వండిన మనిషి ఆఖరున కూర్చుని పులుసు కలుపుకుని తింటుంది. గుడ్లు నాలుగే ఉడికితే ఆమె గుడ్డు ఎవరో ఒకరు మారు అడిగినప్పుడు వెళ్లిపోతుంది. దీన్ని ఎవరూ దుర్మార్గంతో చేయరు. నాకు తెలిసి మా అమ్మ తన జీవితమంతా అలాగే తిన్నది, దాన్ని ప్రేమ అనుకున్నది. కాని నెలనెలా రక్తం పోయేది ఆడదానికి, బిడ్డను మోసేదీ పాలిచ్చేదీ ఆమే, ఇనుము ఎక్కువ కావలసిందీ ఆమెకే. అందువల్ల నేను వడ్డన పద్ధతిని మార్చాను: పొయ్యి మీద నుంచి దింపగానే అందరి గిన్నెల్లోకీ ఒకేసారి పంచుతాను, నా గిన్నెలో నా ముక్క, నా గుడ్డు, నా గరిటెడు పప్పు అప్పుడే పడతాయి, ఆ గిన్నెపై మూత పెట్టేస్తాను. రాత్రి భోజనానికి అందరం కలిసే కూర్చుంటాం. మొదట్లో అత్తగారు చిన్నబుచ్చుకున్నారు. ఆవిడ గిన్నె కూడా అలాగే నిండుగా పక్కన పెట్టడం చూశాక, ఎన్నేళ్ల తరువాతో నడిమి ముక్క తింటున్నానని ఆవిడే అన్నారు. మీవారు ఏమంటారో అని మీరు సంకోచిస్తే, రక్తపరీక్ష కాగితాన్ని ఆయన చేతికిచ్చి చదవమనండి, మీ నీరసానికి అర్థం ఏమిటో ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు.

షెడ్డు పనికి తెల్లవారకముందే ఖాళీ కడుపుతో టీ తాగి వెళతారని అనుకుంటున్నాను, మా వీధిలో ఆ పనికి వెళ్లే ఆడవాళ్లందరూ అంతే. టీ, కాఫీల్లోని వగరు పదార్థాలు పప్పుల్లోనూ ఆకుకూరల్లోనూ ఉండే ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. టీ మానమని చెప్పను. భోజనానికి ముందు గంట, తరువాత గంట టీ లేకుండా చూసుకోండి, అంతే. పొద్దున్నే గిన్నెడు చలిదన్నంలో పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసుకుని తిని బయలుదేరండి. వేయించిన వేరుశనగ గుళ్లు చిన్న డబ్బాలో పెట్టుకుంటే పని మధ్యలో బిస్కెట్ల జోలికి వెళ్లనక్కరలేదు. టీ ఇనుమును ఆపినట్లే పులుపు దాన్ని పట్టిస్తుంది: పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనంతో పాటు జామకాయో ఉసిరికాయో తినడం పైసల్లో అయ్యే వైద్యం. జామలో సి విటమిన్ నారింజలో కన్నా చాలా ఎక్కువ. టమాటా వంటి పులుపు కూరలను ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకే దిగుతుంది.

ఆకుకూరల కోసం డబ్బు పెట్టనవసరం లేదు. తోటకూర, బచ్చలి, గోంగూర, పొన్నగంటి మన నేలలో తేలికగా వస్తాయి. మునగ ఒక్కటే నీరు నిలిచే చోట బతకదు కనుక పెరట్లో మెరకగా ఉన్న మూలనో గట్టు మీదనో కొమ్మ నాటండి. ఆషాఢంలో మునగాకు తినాలనే ఆచారం మనకు ఉండనే ఉంది, దాన్ని ఏడాది పొడవునా పప్పులో వేసుకోవడానికి అడ్డేమీ లేదు. రొయ్యల, చేపల చెరువుల మందులు కలిసే కాలువల పక్క పెరిగిన ఆకు మాత్రం నేను కోయను. వరదలప్పుడు మా లంకల్లో కూరగాయల తోటలు మునిగి ధరలు ఆకాశాన్నంటుతాయి. అందుకని వేసవి చివర నీడలో ఎండబెట్టిన మునగాకును కారప్పొడిగా చేసి ఉంచుకుంటాను, ఆ నెలంతా అదీ అపరాలూ మమ్మల్ని ఆదుకుంటాయి.

కిందటేడు అత్తగారు గుమ్మం దగ్గర జారి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఇంట్లో కాల్షియం మీద కూడా శ్రద్ధ పెరిగింది. స్త్రీకి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. పాలు కొనే శక్తి పిల్లలకే సరిపోతున్నప్పుడు చోళ్లు (రాగులు) ఎంతో మేలు చేస్తాయి, 100 గ్రాముల పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి పొద్దున కాచిన అంబలిలో మజ్జిగ పోసుకుని తాగితే అత్తగారి వయసువారికి కూడా తేలికగా అరుగుతుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు నువ్వులూ బెల్లమూ దంచి పెట్టే చిమ్మిలిని ఆ కొద్ది రోజులకే ఆపకండి. నువ్వుల్లో కాల్షియం 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది, రోజుకు చిన్న ఉండ ఒకటి చాలు.

రేషన్ బియ్యంలో నీటిపై తేలే తెల్లని గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అని మా ఊళ్లో చాలామంది ఏరి పారేస్తారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి గింజలుగా ఒత్తి, నూరు పాళ్ల బియ్యానికి ఒక పాలు చొప్పున కలిపినవి. వాటిని ఉంచండి, బియ్యాన్ని పదేపదే కడగవద్దు, గంజి వార్చే అలవాటు ఉంటే ఆ గంజిని పారబోయకుండా మజ్జిగలో కలుపుకుని తాగండి. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు మీకు వర్తిస్తే తప్పక తెచ్చుకుని మీరే తినండి.

శనివారమో సోమవారమో ఉపవాసం ఉండేవారైతే ఆ రోజు టీలతో గడపకుండా పగలు మజ్జిగ, అరటిపండు, రాత్రి ఫలహారానికి బొంబాయి రవ్వ ఉప్మాకు బదులు మినపరొట్టో పెసరట్టో చేసుకోండి. కార్తీకంలో నీచు మానినప్పుడు గుడ్డు స్థానంలో శనగలు, ఉలవలు రావాలి.

ఎంత తిన్నా రక్తం పట్టనివ్వని కారణాలు రెండు మన ప్రాంతంలో తరచుగా కనిపిస్తాయి. ఒకటి కొంకి పురుగులు. చెప్పులు లేకుండా తడి నేలలో, పొలాల్లో తిరిగినప్పుడు పాదాల చర్మం గుండా లోపలికి వెళ్లి పేగుల్లో రక్తం పీలుస్తాయి. గర్భం లేదని నిర్ధారించుకుని డాక్టరు సలహాతో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి వేసుకుంటే పోతాయి. పిల్లలకు బడిలో ఇచ్చే మాత్ర కూడా ఇదే, వద్దనకుండా వేయించండి. రెండవది నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం. వారానికి మించి కొనసాగినా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే అది ఆగనిదే మాత్రలూ తిండీ వృథా అవుతాయి. మాత్రలు మొదలుపెట్టిన నెలకు మళ్లీ రక్తపరీక్ష చేయించండి. అంకె కనీసం ఒక గ్రామైనా పెరగకపోతే థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా రాయమని అడగండి. నడుస్తుంటే ఆయాసం రావడం, గుండె దడ, కాళ్లవాపు ఉంటే నెలదాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.