నాయనమ్మ మాట నాయనమ్మకే వదిలెయ్

అమ్మాయీ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను, ఉత్తరం నాలుగుసార్లు. ఉత్తరమే బాగుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి క్వార్టర్స్‌లో మీ నాయనమ్మా, ఇంటి పని చెయ్యడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడా ఇరవై ఏళ్లు కబుర్లు చెప్పుకున్నారని రాశావు. ఒకరి భాష ఒకరు నేర్చుకోనేలేదట. ఆవిడ "కా కరత్ హస్ దాయీ" అంటే ఈవిడ "ఏటి సేత్తాను, కూకున్నాను" అనేదట. అది చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. స్క్రిప్టులోకి వచ్చేసరికి ఆ ఇద్దరూ న్యూస్ రీడర్లయిపోయారు. ఎందుకు చేశావా పని?

ఎందుకో తెలుసులే. ఉత్తరంలో చెప్పిన ఆ సిరీస్ వాళ్లు నీ రాత చూసి "ఇదేం తెలుగమ్మా" అన్నారన్నావుగా. ఆ మాట నేనూ పడ్డాను. మాది బళ్లారి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ ఇళ్లలో తెలుగు అలాగే ఉండిపోయింది. అమ్మ డబ్బులు కన్నడంలో లెక్కపెట్టేది, గాజుల సాయిబుతో దక్కనీలో బేరమాడేది, దేవుడితో తెలుగులో పోట్లాడేది. నాన్న కోర్టు గుమాస్తా. కోపం వస్తే ఇంగ్లీషు, భయం వేస్తే తెలుగు. నా మొదటి రేడియో నాటకంలో ఇదంతా శుభ్రంగా కడిగేశాను. తల్లి వేషం వేస్తున్నావిడ రిహార్సల్‌లో పేజీ తిప్పి, "ఈమెది ఏ ఊరు సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అసలు తెలుగు నాటకం ఎప్పుడు ఒకే నీళ్లు తాగి పెరిగింది కనుక? 1880 ప్రాంతంలో ధార్వాడ కంపెనీ వాళ్లు వచ్చి ఆడాకే మనవాళ్లకు నాటకాల మీద మోజు పుట్టింది. మా ఊరి వకీలు బళ్లారి రాఘవ తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింట్లోనూ వేషాలు కట్టాడు. సురభి నాటక సమాజం సంగతి ఇంకా చిత్రం. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచక వధ' ఆడి మొదలుపెట్టిన వనారస గోవిందరావు కుటుంబాలు మరాఠా ప్రాంతం నుంచి వచ్చిన తోలుబొమ్మలవాళ్లవి. ఇంట్లో ఆరె మరాఠీ, రంగం మీద తెలుగు పద్యం. పుట్టి తెర వెనకే పెరిగిన పిల్లలకు ఈ రెండింటి మధ్యా గడప ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నీ ఊరికి గంట దూరంలో రాయపూర్. అక్కడ పుట్టినవాడే నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్. లండన్‌లో నాటకం చదువుకుని వచ్చి, నాచా అనే ఛత్తీస్‌గఢీ జానపద నాటకం ఆడే కళాకారులను తెచ్చి హిందీ సంభాషణలు చెప్పించాడు. సొంత మేళంలో చెలరేగిపోయే మనుషులు ఆయన దగ్గర కర్రల్లా బిగుసుకుపోయారు. లోపం వాళ్లది కాదని గ్రహించడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ఛత్తీస్‌గఢీ వాళ్ల నోటికి వదిలేశాక వచ్చిందే 'చరణ్‌దాస్ చోర్', 1975లో. 1982లో ఎడిన్‌బరో వెళ్లి బహుమతి పట్టుకొచ్చింది. నీ నాయనమ్మకు ఇప్పుడు నువ్వు చేస్తున్నది తన్వీర్ మొదట్లో చేసిన పనే.

అలాగని నాలుగు భాషలొచ్చని మురిసిపోకు. అవి రైల్వే ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే కుర్రాడికీ వచ్చు. మనిషి ఏ క్షణంలో భాష మారుస్తాడు, ఎవరు గదిలోకి వస్తే గొంతు సర్దుకుంటాడు, అది పట్టుకో. రేడియోలోనైతే దీపాలూ తెరలూ చెయ్యాల్సిన పని ఈ మార్పే చేసిపెడుతుంది. నాన్న ఇంగ్లీషులోంచి తెలుగులోకి దిగాడంటే గుమ్మంలో అప్పులవాడు నిలబడ్డాడని మాకు తెలిసిపోయేది. ఇంకొకటి: యాసను పనిమనిషికీ కమెడియన్‌కీ మాత్రమే తగిలించే అలవాటు మన సీరియళ్లలో ఉంది చూడు, అది నాకు ఒళ్లుమంట. నీ నాయనమ్మ ఏడ్చినా ఆ యాసలోనే ఏడవాలి.

కాకపోతే ఏదో ఒక భాషలో అడుగు దాకా దిగాలి. నాటక రచయిత గిరీష్ కర్నాడ్ ఇంట్లో కొంకణి. పెరిగింది శిరసి, ధార్వాడల్లో. ఇంగ్లీషు కవి కావాలని కలలుగన్నాడు. తీరా ఆక్స్‌ఫర్డ్‌కు బయల్దేరే రోజుల్లో కలం పడితే 'యయాతి' కన్నడంలో వచ్చింది. ఆ తర్వాత తన నాటకాలు ఎక్కువగా ఆ భాషలోనే రాశాడు. నీ తెలుగు ఇంకా పల్చగా ఉంది, తిట్టినా ఇదే చెబుతాను. రోజూ పద్యమో కథో ఏదో ఒకటి పైకి చదువు. విజయనగరం బస్సెక్కి మీ వాళ్ల ఊళ్లో నెల రోజులు ఉండు.

అద్దె గురించి టెన్షన్ పడుతున్నావు. హిందీ నుంచి తెలుగుకు డబ్బింగ్ మాటలు రాసే పని దొరికితే వదులుకోకు. పెదాల కదలికకు మాట సరిపెట్టాలంటే పది మాటలు మూడవుతాయి. ఆ విద్య నాకు నలభై దాటాక గానీ రాలేదు.

మూడో సీను తిరగరాసి పంపు. పనావిడ ఊరెళ్లిపోయే ఘట్టంలో ఇద్దరూ ఏమన్నారో ఉత్తరంలో కూడా రాయలేదు నువ్వు. నీకు గుర్తుండే ఉంటుంది.

ఆశీస్సులతో,
బళ్లారి మాస్టారు