క్రోషేను ఎందుకు వదులుకున్నారంటే

2024లో 121 మ్యాచ్‌లు ఓడిన అమెరికా బేస్‌బాల్ జట్టు చికాగో వైట్ సాక్స్, ఉన్న ఒక్క మేటి పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) గారెట్ క్రోషేను కూడా బోస్టన్ జట్టుకు ఇచ్చేయడం ఏమిటని అడిగారు. మీ బాధ న్యాయమైనదే, కానీ నా దృష్టిలో నిర్ణయం సరైనది. అతనిపై జట్టుకు మిగిలిన హక్కు రెండు సీజన్లే. ఆలోగా వైట్ సాక్స్ గెలుపు బాట పట్టడం కష్టం. పైగా 2022లో అతని మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. మరో గాయమైతే చేతికేమీ దక్కదు. బదులుగా వచ్చిన నలుగురిలో క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) కైల్ టీల్, చేజ్ మైడ్రాత్ 2025లోనే ప్రధాన జట్టులో ఆడారు.

నాకు ఇంకా నచ్చింది రూల్ 5 డ్రాఫ్ట్. వేరే జట్టు తన 40 మంది జాబితాలో చేర్చుకోని అర్హుడైన ఆటగాణ్ని లక్ష డాలర్లకు తీసుకోవచ్చు. అయితే సీజనంతా ప్రధాన జట్టులోనే ఉంచాలి, లేదంటే పాత జట్టుకు తిరిగి ఇవ్వజూపాలి. టైటిల్ కోసం పోరాడే జట్టుకు అంత ఓపిక ఉండదు, ఓడే జట్టుకు ఉంటుంది. మిల్వాకీ నుంచి అలా తెచ్చుకున్న షేన్ స్మిత్ 2025లో ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపిక) అయ్యాడు!

2016లో అప్పటి మేటి పిచ్చర్ క్రిస్ సేల్‌ను ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకున్నా, తర్వాత ఒక్క ప్లేఆఫ్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీ) సిరీస్ కూడా గెలవలేదన్నది నిజమే. అందుకే ఇప్పుడు గెలుపోటములు కాదు, టీల్ బ్యాటింగ్‌లో ఎన్ని వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి మొదటి బేస్‌కు వెళ్లడం) తీసుకుంటున్నాడో, ఎన్నిసార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) అవుతున్నాడో నెలనెలా చూడండి.