భర్త నేర్పితే స్కీయింగ్ రాదు, గొడవ వస్తుంది

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లు. హెచ్-4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి భార్యకి వచ్చేది) మీద న్యూజెర్సీలో ఉంటున్నాను. మావారి స్నేహితులవి నాలుగు కుటుంబాలు. ఏటా చలికాలంలో పెన్సిల్వేనియాలోని పోకోనోస్ కొండల్లో ఇల్లు అద్దెకు తీసుకుని, మంచు మీద జారే స్కీయింగ్‌కి వెళ్తారు. పోయినేడాది "ఏం లేదు, నేను చూపిస్తాగా" అని మావారు నన్ను నేరుగా లిఫ్ట్ ఎక్కించి పైకి తీసుకెళ్లారు. అడుగడుక్కీ పడి, చివరికి స్కీలు విప్పి చేత్తో పట్టుకుని నడిచి దిగాను. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. అందరితో పాటు మావారూ నవ్వారు. ఇప్పుడు ఫిబ్రవరిలో వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవు వీకెండ్‌కి మళ్లీ బుక్ చేస్తున్నారు. రానంటే "నీ కోసం నేనూ మానుకోవాలా?" అంటున్నారు. నాకు సంపాదన లేదు. అంత ఖర్చు పెట్టించి అక్కడ భయపడుతూ కూర్చోవడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఎడిసన్

జవాబు: మీ ఉత్తరంలో భయం, అవమానం రెండూ కలిసిపోయాయి. వాటిని విడదీసి చూద్దాం.

భయానికి కారణం మీ చేతకానితనం అనుకోకండి. స్కీయింగ్ నేర్పడానికి ఒక వరస ఉంది. ముందు దాదాపు చదునుగా ఉండే చోట నిలబడటం, జారడం. తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరకి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం. దీన్నే అక్కడ పిల్లలకి 'పిజ్జా' అని నేర్పుతారు. ఆ తర్వాత మలుపులు. ఇవన్నీ మ్యాజిక్ కార్పెట్ (నేల మీద కదిలే బెల్టు) ఉండే బిగినర్ ఏరియాలో జరగాలి. నిలబడితే అదే నెమ్మదిగా పైకి తీసుకెళ్తుంది. ఛెయిర్ లిఫ్ట్ వంతు వీటన్నిటి తర్వాతే. మీవారు చివరి మెట్టుతో మొదలుపెట్టించారు.

పైనుంచి కిందికి చూడగానే భయంతో ఒళ్లు వెనక్కి వాలుతుంది. బరువు మడమల మీదికి పోతుంది, స్కీల ముందు భాగానికి పట్టు ఉండదు. ఆపుదామన్నా ఆగవు, వేగం పెరుగుతుంది. అప్పుడు ముప్పై అడుగుల కింద నిలబడి "మోకాళ్లు వంచు!" అని అరిస్తే ఎవరికి మాత్రం వస్తుంది? బాగా వచ్చినవాళ్లకి, తమకి రానప్పుడు ఎలా ఉండేదో గుర్తుండదు. పైగా భర్త విసుక్కుంటే అది స్కీయింగ్ దగ్గర ఆగదు, కారులో ఇంటిదాకా వస్తుంది.

అందుకే ఆయన దగ్గర నేర్చుకోకండి. పోకోనోస్‌లో క్యామెల్‌బ్యాక్, బ్లూ మౌంటెన్ లాంటి చోట్ల స్కీ స్కూళ్లు ఉన్నాయి. మొదటిసారి వచ్చేవాళ్ల కోసం పాఠం, అద్దె సామాను, బిగినర్ ఏరియా వరకే పనికొచ్చే టికెట్ కలిపి ప్యాకేజీగా ఉంటాయేమో చూడండి. ఉంటే, కొండంతా తిరిగే ఫుల్ లిఫ్ట్ టికెట్ మీకు ఇప్పుడు దండగ. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ప్రెసిడెంట్స్ డే నాడు జనం విపరీతం, ధరలూ ఎక్కువ, క్లాసులు ముందే నిండిపోతాయి. కుదిరితే అంతకు ముందే ఒక మామూలు పనిరోజు మీరిద్దరే వెళ్లి రండి. ఐ-80 హైవే మీద పోతే క్యామెల్‌బ్యాక్ మీకు పెద్ద దూరం కాదు. ఆ రోజు మీరు క్లాసులో, ఆయన కొండ మీద. చూసి నవ్వడానికి గ్రూపు ఉండదు.

సామాను అద్దెకిచ్చే చోట ఒక ఫారం ఇస్తారు. ఎత్తు, బరువు, వయసు, ఏ రకం స్కీయర్ అన్నది రాయాలి. పక్కన ఫ్రెండ్స్ ఉన్నారని చాలామంది అక్కడ బరువు తగ్గించి రాస్తారు. నిజం రాయండి, టైప్ 1 (నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లే రకం) పెట్టండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో ఆ వివరాలను బట్టే బిగిస్తారు. బరువు తగ్గించి రాస్తే అవసరం లేనప్పుడు ఊడుతుంది. గొప్పకి టైప్ 3 (వేగంగా వెళ్లే రకం) పెడితే పడినప్పుడు ఊడకపోవచ్చు, ఆ మెలిక మోకాలికి పడుతుంది.

బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకి తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. హాయిగా ఉందని వదులు బూటు తీసుకుంటే కాలు తిప్పినా స్కీ తిరగదు. సన్నటి పొడుగు సాక్స్ ఒక్క జతే వేసుకోండి. ప్యాంటు అంచు బూటులోకి దోపితే అరగంటలో ముంగాలు నొక్కుకుపోతుంది. జీన్స్ వద్దు, తడిస్తే చలి పట్టేస్తుంది. స్నో ప్యాంటు, వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్ కొనక్కర్లేదు, ఎవరినైనా అడిగి తీసుకోండి. హెల్మెట్ మాత్రం తప్పనిసరిగా అద్దెకు తీసుకోండి. పడిపోతున్నప్పుడు మధ్యలో లేవాలని చూడకుండా పక్కకి కూలబడండి. పోల్స్ (ఊతకర్రలు) చేతిలో ఉంటే వదిలేయండి, అవి పట్టుకుని పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది.

ఇక అవమానం సంగతి. ఇది బయల్దేరే ముందు, ఇంట్లో, ఆయన ఫోన్ పక్కన పెట్టిన పూట తేలాలి. "నేను పడినందుకు బాధ లేదు. మీరు కూడా నవ్వినందుకు బాధేసింది" అని ఆ ఒక్క ముక్కా చెప్పి ఆగండి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉన్న లెక్కలన్నీ అప్పుడే విప్పకండి. తర్వాత అడగాల్సినవి అడగండి. ఆయన నేర్పకూడదు. అడగకుండా ఎవరూ వీడియో పెట్టకూడదని గ్రూపులో ఆయనే రాయాలి. మీరు రాస్తే "వదినకి కోపం వచ్చింది" అని ఇంకో జోకు అవుతుంది. పొద్దున మీకు క్లాసు, ఆయనకి స్నేహితులు, మధ్యాహ్నం లాడ్జిలో కలిసి భోజనం, ఆ తర్వాత ఒక గంట మీతో బిగినర్ ఏరియాలో. ఇలా ముందే అనుకుంటే "నేనూ మానుకోవాలా" అన్న మాటకి చోటుండదు.

ఖర్చు విషయంలో మీకు సంపాదన లేదని నోరు కట్టేసుకోవద్దు. అది ఇంటి డబ్బు, ఎంత పెట్టాలో చెప్పే హక్కు మీకూ ఉంది. ఇంటి అద్దె, సరుకులు అందరూ పంచుకోవాలి, టికెట్లు, అద్దె సామాను ఎవరివి వాళ్లవి. ఈ మాట బుకింగ్‌కి ముందే అనుకోండి. ఇంకో సంగతి. స్కీయింగ్ చేయని ఆడవాళ్లకి పదిమంది వంట, అందరి పిల్లల కాపలా అప్పగించి వెళ్లడం ఇలాంటి ట్రిప్పుల్లో మామూలే. వంతులు ముందే రాసుకోండి.

పాఠం అయ్యాక కూడా నచ్చకపోతే మానేయండి. స్నో ట్యూబింగ్‌కి (గాలి ట్యూబులో కూర్చుని మంచు మీద జారడానికి) ఏ నేర్పూ అక్కర్లేదు. అదీ వద్దంటే ఆయన్ని వెళ్లనిచ్చి మీరు ఇంట్లో ఉండండి, మొహం మాడ్చుకోకుండా. మీ మాట విన్నాక కూడా ఆయన నవ్వి తీసిపారేస్తే మాత్రం ఈసారి వెళ్లొద్దు. కొండ మీదే కాకుండా, ఇంటికొచ్చినవాళ్ల ముందు మీ ఇంగ్లీషు మీదో వంట మీదో కూడా ఇలాగే నవ్వుతుంటే అది వేరే విషయం. అలా ఉంటే మళ్లీ రాయండి, స్కీయింగ్ పక్కన పెట్టి దాని గురించే మాట్లాడదాం.