పాఠకుల ప్రశ్నలు: పెట్టె కంటే ముందు వెళ్లే కాగితం

ప్రశ్న: జర్మనీలో చదువుకుంటున్న మా అమ్మాయికి నిప్పట్లు, చెనిక్కాయల పొడి, ఒక సంచి బొరుగులు అట్టపెట్టెలో సర్ది పంపాము. ఇంట్లో తూచినప్పుడు నాలుగున్నర కిలోలే ఉన్న పెట్టెకు కొరియర్ ఏజెంటు ఏడు కిలోల డబ్బు తీసుకున్నాడు. పైగా ఆధార్ నకలు అడిగి, లోపల ఉన్నవన్నీ పేరుపేరునా రాయించుకున్నాడు. ఇదంతా అవసరమేనా? డీహెచ్‌ఎల్ వంటి కంపెనీలు అసలు ఎలా పుట్టాయి?
– ఒక గృహిణి, గుత్తి

జవాబు: మిమ్మల్ని మోసం చేసింది ఏజెంటు కాదమ్మా, బొరుగులు. విమానంలో బరువు ఎంత ముఖ్యమో చోటూ అంతే ముఖ్యం కాబట్టి, అంతర్జాతీయ కొరియర్ కంపెనీలు సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన దానినే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. దానికీ అసలు తూకానికీ మధ్య ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. 40, 35, 25 సెంటీమీటర్ల పెట్టె అయితే లెక్క సరిగ్గా ఏడు కిలోలకు వస్తుంది. కిలో బొరుగులు తీసేసి పెట్టె ఎత్తును 17కు కోయించి ఉంటే అయిదు కిలోలతో సరిపోయేది. బొరుగులతో చేసే ఉగ్గాని మీద బెంగ ఎంతటిదో నాకూ తెలుసు గానీ, ఆ రెండు కిలోల డబ్బు గాలికి కట్టినట్టే.

ఇక రాయించుకోవడం సంగతి. ఈ వ్యాపారం పుట్టిందే కాగితం వల్ల. 1969లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో అడ్రియన్ డాల్సీ, లారీ హిల్‌బ్లామ్, రాబర్ట్ లిన్ అనే ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీకి వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే డీహెచ్‌ఎల్ అనే పేరయ్యాయి. అప్పట్లో హవాయి దీవులకు సరుకు ఓడలో వెళ్లేది, దాని పత్రాలు చేతికి అందేదాకా కస్టమ్స్ పని మొదలయ్యేది కాదు, అందాక ఓడ రేవులో కాచుకుని ఉండవలసి వచ్చేది. వీరు చేసిందల్లా ఆ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కించినట్టు ఇచ్చే రసీదు) కాగితాలను సంచిలో వేసుకుని, మామూలు ప్రయాణికుల విమానంలో హొనొలులుకు తీసుకుపోవడమే. ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగానే కాగితాల తనిఖీ ముగిసిపోయేది. సొంత విమానం ఒక్కటి లేకుండా మొదలైన ఈ వ్యాపారం 1970ల తొలి సంవత్సరాల్లోనే ఆసియా దేశాలకు పాకింది.

మీరు నింపిన వస్తువుల జాబితా, అంటే ఇన్‌వాయిస్ నేడు చేస్తున్న పనీ అదే. పెట్టె విమానంలో ఉండగానే అందులోని వివరాలు కంప్యూటర్ ద్వారా అవతలి దేశపు కస్టమ్స్‌కు చేరతాయి. 'తినుబండారాలు' అని ఒక్క మాటలో రాస్తే అక్కడి అధికారికి ఏమీ తెలియదు, పెట్టె ఆగుతుంది. 'వేయించిన వేరుశనగ పొడి, ఒక కిలో' అని రాస్తే తెలుస్తుంది. ఆధార్ నకలు మాత్రం మన వైపు నిబంధన, పంపే మనిషి ఎవరో కస్టమ్స్‌కు రుజువు కావాలి. నెయ్యి డబ్బా, మాంసం పచ్చడి మాత్రం ఎంత వివరంగా రాసినా లాభం లేదు, ఐరోపా సమాఖ్య దేశాలు బయటి నుంచి వచ్చే పార్శిళ్లలో పాల ఉత్పత్తులను, మాంసాన్ని రానివ్వవు.

గుత్తి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళితే బెంగళూరు నగరం రాకముందే, దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం వస్తుంది. అయితే అక్కడి నుంచి పెట్టె తిన్నగా మీ అమ్మాయి ఊరికి పోదు. అన్ని దిక్కుల పార్శిళ్లనూ రాత్రిపూట ఒకచోట దింపి, వేరుచేసి, తెల్లవారేలోగా మళ్లీ ఎక్కించే పద్ధతిని పేరుమోసేలా చేసింది అమెరికా కొరియర్ కంపెనీ ఫెడెక్స్. 1973 ఏప్రిల్ 17 రాత్రి అమెరికాలోని మెంఫిస్ నుంచి 14 విమానాలతో, 186 ప్యాకెట్లతో అది మొదలైంది. డీహెచ్‌ఎల్‌కు ఐరోపాలో అలాంటి కూడలి మొదట బెల్జియంలోని బ్రస్సెల్స్. అక్కడ రాత్రి విమానాలను పెంచడానికి ఒప్పుకోకపోయేసరికి, రాత్రింబవళ్లు విమానాలు దిగగల జర్మనీలోని లైప్‌జిగ్‌కు తరలి, 2008లో అక్కడ ఆ కూడలిని (హబ్) తెరిచింది. ఊరు నిద్రపోయే వేళే ఈ వ్యాపారానికి పగలు.

ప్రశ్న: విదేశీ విశ్వవిద్యాలయానికి మార్కుల జాబితాలు పంపాలి. బ్లూ డార్ట్, డీహెచ్‌ఎల్ ఒకటేనా?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: రెండూ వేరు కంపెనీలు, యాజమాన్యం ఒకటి. బ్లూ డార్ట్ 1983లో ముంబైలో పుట్టింది. అందులో అధిక వాటా కొనడానికి డీహెచ్‌ఎల్ 2004లో ఒప్పందం చేసుకుంది. ఆ డీహెచ్‌ఎల్‌నే జర్మనీ తపాలా సంస్థ అయిన డాయిష్ పోస్ట్ 2002 నాటికి పూర్తిగా కొనేసింది. చిత్రమేమిటంటే, కొన్న సంస్థే 2023లో తన పేరును డీహెచ్‌ఎల్ గ్రూప్‌గా మార్చుకుంది. మీ కవరు డాక్యుమెంట్ల కింద వెళుతుంది కాబట్టి దానికి సరుకు ఇన్‌వాయిస్ బాధ ఉండదు. కానీ అందులోనే ఒక పెన్‌డ్రైవ్ కూడా పడేశారంటే అది పార్శిల్ అవుతుంది.