నాన్నగారి స్కోరు కాదు, ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 35 ఏళ్లు, నాన్నగారికి 68. రిటైర్డ్ టీచర్. అంకెకు గుర్తు జతచేసే పరీక్ష ఒకటి ఇద్దరం ఫోన్‌లో చేశాం. నిమిషంన్నరలో నాకు 60 వచ్చాయి, ఆయనకు 31. మతిమరుపు జబ్బు మొదలైందా? నిద్ర పట్టక రెండేళ్లుగా రాత్రిళ్లు అల్‌ప్రాజోలం వేసుకుంటున్నారు. మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు.

జవాబు: మీ చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను.

అల్‌ప్రాజోలం మెదడును మందగింపజేసే మందు. అందులో సగం ఒంట్లోంచి పోవడానికి మామూలుగా 11 గంటలు పడితే, పెద్దవాళ్లలో 16 గంటల దాకా పడుతుంది. రాత్రి వేసుకున్నది మర్నాడు పేపరు చదివేటప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఆ మత్తులో చేసిన పరీక్షను చూసి ఏమీ తేల్చలేం. అర్ధరాత్రి బాత్రూంకి లేచి, తూలి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లను చూస్తుంటాను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. రెండేళ్లు ఎవరికీ చూపించకుండా ఎలా వాడనిచ్చారండీ? అలాగని ఈ రాత్రే మాన్పించేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఇక స్కోరు. ఇలా అంకెకు గుర్తు జతచేసే వేగం ఇరవైల తర్వాత నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. మాటల జ్ఞానం మాత్రం 60 దాటినా నిలుస్తుంది. అందుకే ఆయన స్కోరును ఆయన ఈడువాళ్లతోనే పోల్చాలి, మీతో కాదు. చత్వారం, శుక్లాలు, టచ్ స్క్రీన్ అలవాటు లేకపోవడం కూడా స్కోరును తగ్గిస్తాయి. ఆస్పత్రిలో చేయించేటప్పుడు తెలుగో, ఒడియానో, ఆయనకు బాగా వచ్చిన భాషలోనే చెప్పమనండి.

పింఛను లెక్క తప్పుతున్నారా, తెలిసిన వీధిలో దారి మరచిపోతున్నారా అన్నది మీరు రాయలేదు. నాకు ముఖ్యం అదే. చూడకుండా జబ్బు ఉందనీ, లేదనీ నేను చెప్పలేను. ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించి షుగర్, థైరాయిడ్, బి12, సోడియం పరీక్షలు చేయించండి. అవసరమైతే బరంపురం మెడికల్ కాలేజీలో న్యూరాలజీకి పంపుతారు. మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా ఇవేవీ పెట్టుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అది పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

వెళ్లేటప్పుడు ఆయన వాడే స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. జలుబు మాత్రలు కూడా. వాటిలోనూ మగత తెప్పించేవి ఉంటాయి.