క్లస్టర్ల గురించి రాస్తున్న తమ్ముడికి

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. రుషికొండలో నైట్ షిఫ్టు చేసి, పొద్దున్నే ఇంటికొచ్చి, పడుకోకుండా క్లస్టర్ల గురించి, అంటే ఒకటి ఆగితే ఇంకోటి పని అందుకునేలా కలిపి నడిపే సర్వర్ల గురించి, తెలుగులో రాయడానికి కూర్చున్నావంటే ముందు దానికే నిన్ను మెచ్చుకోవాలి. ఈ పని చేసేవాళ్లు మనకి చాలా తక్కువ. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

వ్యాసంలో పెద్ద తప్పులు లేవు. సర్వర్ల మధ్య సందేశాలు నడిపే కోరోసింక్ ఏం చేస్తుందో, ఏ సర్వీసు ఎక్కడ నడవాలో తేల్చే పేస్‌మేకర్ ఏం చేస్తుందో, వాడేవాళ్లు చేరే ఉమ్మడి చిరునామా అయిన వర్చువల్ ఐపీ ఒక నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్) నుంచి ఇంకో నోడ్‌కి ఎలా మారుతుందో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ "ఒక సర్వర్ పడిపోతే రెండోది వెంటనే పని అందుకుంటుంది" అని మొదటి పేరాలోనే తేల్చేశావు. అది సర్వర్లు అమ్మేవాళ్లు చెప్పే మాట. రాత్రి రెండు గంటలకి స్క్రీన్ ముందు కూర్చున్న నువ్వు చూసేది అలా ఉండదు కదా.

అవతలిది పడిపోయిందని రెండో సర్వర్‌కి ఎవరు చెప్పారు? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న మీద నిలబడాలి. నిజానికి దానికి తెలిసింది ఒక్కటే, అవతల నుంచి హార్ట్‌బీట్, అంటే "బతికే ఉన్నాను" అని వస్తూ ఉండాల్సిన సందేశం, రావడం లేదు. ఆ నోడ్ చచ్చిపోయి ఉండొచ్చు. మధ్యలో స్విచ్ రీబూట్ అవుతూ ఉండొచ్చు. లేదా ఆ నోడ్ ఎక్కడో ఇరుక్కుపోయి, పది సెకన్ల తర్వాత లేచి, ఏమీ జరగనట్టు తన పాత పని కొనసాగించొచ్చు. ఇవతలి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. పాఠకుడు ముందు ఈ ఇరకాటంలో పడాలి. పడ్డాక, కోరం (సగానికి మించి నోడ్‌ల ఓటు) ఎందుకు, ఫెన్సింగ్ (అనుమానమున్న నోడ్‌ని బలవంతంగా ఆపేయడం) ఎందుకు అని నువ్వు చెప్పక్కర్లేదు, తనే అడుగుతాడు. నువ్వు జవాబులన్నీ వరసగా ఇచ్చావు గానీ ప్రశ్న వేయలేదు.

స్ప్లిట్ బ్రెయిన్‌ని, అంటే ఒకదానికొకటి కనిపించక రెండు నోడ్‌లూ పని తమదే అనుకోవడాన్ని, రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగు. రెండు నోడ్‌లూ ఒకే ఎక్స్‌టీ4 డిస్కుని (ఒకసారికి ఒక సర్వరే వాడాల్సిన ఫైల్ సిస్టమ్ ఇది) మౌంట్ చేసుకుంటే, అంటే వాడకానికి తగిలించుకుంటే, లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూపించు. డిస్కులో ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయన్న లెక్కని ప్రతి నోడ్‌లోని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన మెమరీలో పెట్టుకుంటుంది. ఇటు నోడ్ ఒక ఖాళీ బ్లాకు చూసి అందులో కస్టమర్ ఆర్డర్ రాస్తుంది. అటు నోడ్‌కి ఆ సంగతి తెలీదు. దాని లెక్కలో ఆ బ్లాకు ఇంకా ఖాళీయే కాబట్టి దానిమీదే మరో ఫైల్ రాసేస్తుంది. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినట్టన్నమాట, ఇద్దరి కాగితాలూ సక్రమంగానే కనిపిస్తాయి. అప్పటికప్పుడు ఎర్రర్ కూడా రాకపోవచ్చు. మర్నాడెప్పుడో ఎవరో ఆ ఫైల్ తెరిస్తే లోపలంతా చెత్త ఉంటుంది, ఈలోగా రాత్రి బ్యాకప్ ఆ చెత్తనే భద్రంగా దాచిపెట్టి ఉంటుంది.

ఇది చదివినవాడికి ఫెన్సింగ్ మోటుగా అనిపించదు. అవతలి నోడ్ బతికుందో లేదో తేలనప్పుడు, దాని కరెంటు తీసేసి, ఆగిపోయిందని ఖాయం చేసుకున్నాకే డిస్కు ముట్టుకోవాలి. ఇక్కడ పని చేసినవాళ్లకి మాత్రమే తెలిసే సంగతి ఒకటుంది, అది నీ వ్యాసంలో లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. చాలాచోట్ల ఫెన్సింగ్‌కి సర్వర్‌లోనే ఉండే ఐపీఎంఐని, అంటే దూరం నుంచే ఆ సర్వర్‌ని ఆపగలిగే చిన్న నియంత్రణ వ్యవస్థని, వాడతారు. దానికి కరెంటు వచ్చేది కూడా ఆ సర్వర్ పవర్ సప్లయ్ నుంచే. సర్వర్‌కి కరెంటు మొత్తం పోయిందనుకో, ఐపీఎంఐ కూడా పోతుంది. ఇవతలి నోడ్ దాన్ని ఆపెయ్యమని అడుగుతుంది, జవాబు రాదు, మళ్లీ అడుగుతుంది, మళ్లీ రాదు. సర్వీసు ఎక్కడా మొదలవదు. అవతలి సర్వర్ నిజంగానే చచ్చిపోయింది, అయినా ఇవతలిది చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

కొత్తగా వచ్చిన అడ్మిన్లు దీన్ని బగ్ అనుకుని, విసుగొచ్చి, ఫెన్సింగ్ మొత్తం ఆపేస్తారు. ఆపేశాక అన్నీ చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, స్ప్లిట్ బ్రెయిన్ వచ్చేదాకా. చేయాల్సిందల్లా రెండో అంచె ఒకటి పెట్టడం. ఐపీఎంఐ పలకకపోతే, నెట్‌వర్క్ మీద నుంచి ఆపగలిగే పీడీయూతో (కరెంటు పంచే ప్లగ్గుల పెట్టె) ర్యాక్‌లోనే ఆ ప్లగ్గుకి కరెంటు కోసేయాలి. ఇది నువ్వు వివరంగా రాశావంటే, ఇతను పని తెలిసినవాడు అని చదివేవాడికి నమ్మకం కుదురుతుంది. మిగతా వ్యాసం ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

కోరం లెక్క మీద ఎక్కువసేపు ఉండకు. సగానికి మించి ఓట్లు కావాలి. మూడు నోడ్‌లుంటే ఒకటి పోయినా తట్టుకుంటుంది, నాలుగున్నా తట్టుకునేది ఒక్కటే. ఇంత చెబితే చాలు.

సర్వీసు ఏడాదిలో ఎంతసేపు అందుబాటులో ఉంటుందో చెప్పే శాతాలు మాత్రం అలాగే వదిలెయ్యకు, నిమిషాల్లోకి మార్చు. 99.9 అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు సర్వీసు ఆగొచ్చు. 99.999 అంటే 5 నిమిషాల 15 సెకన్లు. బోలెడంత మెమరీ ఉన్న పెద్ద సర్వర్ ఒక్కసారి రీబూట్ అవడానికే అంతకన్నా ఎక్కువ పట్టొచ్చు. ఇలా చెప్తేనే ఆ తొమ్మిదుల బరువు తెలుస్తుంది.

మన ఊరి పాఠకులకి హుద్‌హుద్ గుర్తుచెయ్యి. 2014 అక్టోబర్ 12న తుపాను తీరం దాటినప్పుడు ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, జనరేటర్లకి డీజిల్ కోసం జనం తిరిగారు. రెండు నోడ్‌లూ ఒకే కొండ మీద, ఒకే గదిలో ఉంటే క్లస్టర్ ఎంత బాగా కట్టినా ఏం లాభం? "అయితే రెండోది హైదరాబాద్‌లో పెడదాం" అనేస్తారు. అక్కడ లెక్క చూపించు. మనకీ హైదరాబాద్‌కీ రోడ్డు దారిలో ఆరొందల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెళ్లి రావడానికి కనీసం 6 మిల్లీసెకన్లు. ప్రతి కమిట్ (డేటాబేస్‌లో ఒక మార్పు ఖాయం కావడం) అవతల రాసేదాకా ఆగాలంటే, ఒకదాని వెనక ఒకటిగా సెకనుకి 166కి మించి జరగవు. ఆగకుండా పంపేద్దామంటే చివరి కొద్ది సెకన్ల డేటా పోవచ్చు. రెండింట్లో ఏది ఒప్పుకుంటామన్నది కంపెనీ పెద్దలు ముందే తేల్చాలి, షిఫ్టులో ఉన్న కుర్రాడి నెత్తిన పెట్టకూడదు. ఇది కాస్త గట్టిగానే రాయి.

ఇంకో సంగతి. తుపాను చెప్పి వస్తుంది, వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరిస్తుంది. ఆ వ్యవధిలో పనిని తీరిగ్గా వేరే ఊరికి మార్చేయొచ్చు, ఆటోమేటిక్ ఫెయిలోవర్ (పని తనంతట తనే అవతలి సర్వర్‌కి మారడం) కోసం ఎదురుచూడక్కర్లేదు. దీని గురించి మనవాళ్లెవరూ రాయగా నేను చూడలేదు.

అన్నట్టు, 2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో జరిగినదాని మీద వాళ్లే ప్రచురించిన నివేదిక చదువు. పాడైన ఆప్టికల్ పరికరం మారుస్తుంటే నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. ఆ కాసేపట్లో డేటాబేస్ రాతలు అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి మళ్లాయి. తూర్పున రాసిన కొంత డేటా పడమటికి చేరనేలేదు. అన్నీ సరిచేసేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఆ నివేదికలో ఎవరినీ తప్పుపట్టరు, ఏ నిమిషంలో ఏం జరిగిందో, అప్పుడు వాళ్లకి ఏం తెలుసో మాత్రమే చెప్తారు. మీ టీమ్‌లో జరిగినవి రాసేటప్పుడు నువ్వూ అలాగే రాయి. కేబుల్ లాగింది ఎవరన్నది పాఠకుడికి అనవసరం, ఆ మనిషికి మాత్రం అది ఉద్యోగం పోయే సంగతి.

రాసే ముందు ప్రతీదీ చేసి చూడు. లాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషీన్లు చాలు. సర్వీసుని మర్యాదగా స్టాప్ చేసి ఫెయిలోవర్ పనిచేసిందని రాయొద్దు, అలా చెప్పి వెళ్లే నోడ్‌తో ఇబ్బందేం ఉండదు. ఒక మెషీన్‌లో, కోరోసింక్ వాడే 5405 పోర్టుని ఫైర్‌వాల్‌తో రెండు వైపులా మూసేసి చూడు. లాగ్‌లో ఏ సెకనుకి ఏ లైన్ వచ్చిందో రాసుకో. వ్యాసం ఆ లైన్లతోనే మొదలుపెట్టినా బాగుంటుంది.

2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించినప్పటి నుంచి డేటా సెంటర్ల మీద బోలెడు వ్యాసాలు వస్తున్నాయి. అన్నీ భూమి, డబ్బు, ఉద్యోగాల దగ్గరే ఆగిపోతున్నాయి. లోపలికి తీసుకెళ్లి చూపించగలిగినవాడివి నువ్వు. శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో డిగ్రీ చదువుతున్న పిల్లలు ఈ పనిలోకి రావాలనుకుంటే వాళ్ల భాషలో చదవడానికి ఇదొకటి ఉండాలి.

వ్యాసం మార్చాక మళ్లీ పంపు, తొందరేం లేదు. టోకెన్ టైమౌట్ (పలకని నోడ్ పోయిందని తేల్చడానికి కోరోసింక్ ఆగే సమయం) 1000 మిల్లీసెకన్లని రాశావు, అది పాత వెర్షన్ల డిఫాల్ట్. కోరోసింక్ 3.1 నుంచి 3000 చేశారు. ఏ వెర్షన్ మీద చూశావో పక్కనే వెయ్యి.

మీ అన్నయ్య