మా అమ్మాయి డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. ముప్పై ఏళ్లుగా అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటున్నాం. సునామీ వచ్చిన మరుసటి ఏడాది పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు బీఎస్సీ జాగ్రఫీ చివరి సంవత్సరం. డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదివి ఇక్కడే పనిచేస్తానంటోంది. ఆ రోజు పడ్డ భయం మాకింకా పోలేదు. ఉద్యోగాలు ఉంటాయా? చదువుకు మెయిన్‌లాండ్ పంపాలా?

జవాబు: ముందు చదువు సంగతి చెప్తాను. దానికోసం ఓడ ఎక్కక్కర్లేదు. పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్ మీ ఊళ్లోనే బ్రూక్షాబాద్‌లో ఉంది కదా, అక్కడ తీరప్రాంత విపత్తుల మీద ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది, డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్సీ చెప్తారు. దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కూడా మంచిదే. కానీ దీవుల్లో పనిచేయాలనుకునే పిల్లకి దీవుల్లో చదవడమే మేలని నా అభిప్రాయం.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్తాను. 'డిజాస్టర్ మేనేజర్ కావాలి' అనే ప్రకటనలు తక్కువ. జిల్లా, రాష్ట్ర స్థాయి విపత్తు సంస్థల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువే. ఒక్క ఎమ్మెస్సీ పట్టుకుని కూర్చుంటే కష్టం, చేతిలో ఇంకో పని ఉండాలి. మీ అమ్మాయిది జాగ్రఫీ కాబట్టి జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే పని, గట్టిగా నేర్చుకోమనండి. దానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఏ ఇల్లు ఎంత ఎత్తులో ఉంది, జెట్టీ మునిగితే ఆస్పత్రికి ఏ దారిన వెళ్లాలి, ఇవి మ్యాప్ మీద చూపించగలిగితే ఆమెకు పని ఉంటుంది.

రెండోది, హామ్ రేడియో లైసెన్స్, అంటే ఫోన్లు లేకపోయినా దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు వాడటానికి అనుమతి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ (హామ్) రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం హామ్ రేడియో కార్యక్రమం కోసం పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. వాళ్లు అక్కడుండగానే 26వ తేదీ ఉదయం భూమి కంపించింది. ఫోన్లు పోయాయి. ఆవిడ అదే సెట్టు మీద సహాయ సమాచారం పంపడం మొదలుపెట్టారు. తమవాళ్లు బతికే ఉన్నారా అని ఎదురుచూస్తున్న ఎందరికో కబురు అలా చేరింది. విశాఖలో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఫోన్ మూగబోతే ఎలా ఉంటుందో నాకూ తెలిసింది. పక్క వీధిలో ఉన్న మా అక్క క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి విరిగిన చెట్ల మీద నుంచి దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. అదే హుద్‌హుద్ 2014 అక్టోబరు 8న మీ లాంగ్ ఐలాండ్ దగ్గర దీవులను దాటి, నాలుగు రోజులకు మా మీదికి వచ్చింది.

మీ దీవులకు ఇంకో చిక్కుంది. సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ కేంద్రం హైదరాబాద్‌లో 2007 నుంచీ పనిచేస్తోంది. పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల్లో బులెటిన్ ఇవ్వాలన్నది వాళ్ల లక్ష్యం. 2004లో ఆంధ్ర తీరానికి అలలు రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది, నికోబార్‌కు మాత్రం నిమిషాల్లోనే వచ్చేశాయి. అందుకే అక్కడ కాళ్ల కింద గట్టిగా ఊగిందంటే అదే హెచ్చరిక, సైరన్ కోసం చూడకుండా ఎత్తుకు పరుగెత్తాలి. ఈ సంగతి ఇంటింటికీ వెళ్లి, పిల్లలతో నడిపించి అలవాటు చేయించాలి. మీ అమ్మాయి చేయబోయే పనిలో ఎక్కువ భాగం ఇదే.

దీనికి మనుషులు తెలిసి ఉండాలి. సునామీ తర్వాత నికోబార్ ఆదివాసులైన నికోబారీలకు రేకుల షెడ్లు వేశారు. ఆ ఎండల్లో లోపల కూర్చోలేకపోయారు. వాళ్లది 'తుహెత్' అనే పెద్ద ఉమ్మడి కుటుంబం, తోటలూ పందులూ అందరివీ. సాయం మాత్రం భార్యాభర్తలూ పిల్లలూ లెక్కన విడివిడిగా ఇచ్చారు, దాంతో ఇళ్లలో తగువులు వచ్చాయి. సాయం చేద్దామని వచ్చినవాళ్లకు ఆ ఇంటి పద్ధతి తెలియకపోవడం వల్లే ఇదంతా. మీ అమ్మాయి ఆ నేల మీద పుట్టింది, హిందీ, తెలుగు మాట్లాడుతుంది, కాస్త బెంగాలీ, నికోబారీ కూడా పట్టుకుంటే మెయిన్‌లాండ్ నుంచి వచ్చే ఎవరికీ లేని బలం అది.

మీ భయం గురించి కూడా చెప్తాను. రోజువారీ పని మాక్ డ్రిల్స్, జాబితాలు, మీటింగులే. అయితే తుఫాను రాత్రి కూతురు ఇంట్లో ఉంటే బాగుండుననిపించినప్పుడే ఆమె కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది. ఇది ఇప్పుడే ఒప్పుకోగలిగితేనే సరేననండి. ఈలోగా విపత్తుల్లో సాయపడేందుకు ప్రభుత్వం ఇచ్చే ఆపద మిత్ర వాలంటీర్ శిక్షణకు ఆమె పేరు ఇప్పించండి, పని ఎలా ఉంటుందో తనకే తెలుస్తుంది.

ఇంకొకటి, ఆ రోజు జరిగింది ఆమెకు మీరెప్పుడైనా మొత్తం చెప్పారా? చాలా ఇళ్లలో చెప్పరు. ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పండి. ఎటు పరుగెత్తారు, ఎవరు కేక వేశారు, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి, తాగేనీళ్లు ఎన్నో రోజున దొరికాయి. నోట్‌బుక్, మీ వీధి మ్యాప్ తెచ్చుకోమనండి.